చివరి మాట ఎవరిది?

మా ఊరు కాకినాడ. జగన్నాథపురం వంతెన ఎక్కితే కింద కాలవలో చేపల బోట్లు వరసగా కట్టేసి కనిపిస్తాయి. చిన్నప్పుడు నాన్నగారి సైకిలు ముందు కడ్డీ మీద కూర్చుని ఆ వంతెన దాటుతున్నప్పుడల్లా నాకేదో ఒక సందేహం వచ్చేది.

“బోటుని ఎవరు నడుపుతారు నాన్నా?”

“సరంగు.”

“మరి మిగతావాళ్ళు?”

“కళాసీలు. వాళ్ళు లేకపోతే సరంగు ఒడ్డున కూర్చుని బీడీ కాల్చుకోవాల్సిందే.”

“ఆడ సరంగులుండరా?”

నాన్నగారు గట్టిగా నవ్వేసి బెల్లు మోగించారు. ఆ నవ్వులో వెటకారం లేదు. జవాబూ లేదు.

ఆ జవాబు నాకు ముప్ఫయ్యేళ్ళ తరవాత దొరికింది. ఓ ఆదివారం మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని వచ్చేసరికి మా అమ్మాయి కంప్యూటర్ ముందు కూర్చుని ఏదో సినిమా చూస్తోంది. “రా అమ్మా, నువ్వూ చూడు, ఇందులో అందరూ ఆడవాళ్ళే” అంది. 2018లో వచ్చిన ‘మెయిడెన్’ అనే డాక్యుమెంటరీ అది. అయిదు నిమిషాలు చూసి లేద్దామనుకున్నాను. పొయ్యి మీద పెట్టిన పాలు పొంగిపోయినా లేవలేదు!

పడవ పందేలతో మనకేం పని అనుకుంటున్నారా? నేనూ అలాగే అనుకున్నాను. చూస్తున్నకొద్దీ అది పడవ కథలా అనిపించలేదు. పదిమంది ఆడవాళ్ళు కలిసి ఒక పని తలపెడితే ఎవరు చెప్పాలి, ఎవరు వినాలి, ఎవరికి కోపం వస్తుంది, చివరికి పని ఎలా గట్టెక్కుతుంది అన్న కథ. మన మహిళా మండలుల్లో, పొదుపు సంఘాల్లో, ఆ మాటకొస్తే ఇంట్లో పెళ్ళి జరిగినప్పుడు వంటశాలలో రోజూ జరిగే కథే.

వంటమనిషిగా ఎక్కి...

ట్రేసీ ఎడ్వర్డ్స్ 1962లో ఇంగ్లాండులో పుట్టింది. పదేళ్ళ వయసులో తండ్రి పోయాడు. ఆ తరవాత ఇంట్లో ఇమడలేదు, బడిలో ఇమడలేదు. అల్లరి భరించలేక బడివాళ్ళు పంపించేశారు. పదహారేళ్ళు నిండీ నిండకుండానే ఇల్లు వదిలి గ్రీసు దేశం వెళ్ళి, అక్కడ డబ్బున్నవాళ్ళు అద్దెకి తీసుకునే విలాసపు పడవల్లో గిన్నెలు కడిగే పనికి, వడ్డన పనికి కుదిరింది. సముద్రం మీద ఇష్టం అక్కడే పుట్టింది.

ఆ రోజుల్లో విట్‌బ్రెడ్ పందెం అని ఒకటుండేది. తెరచాపల పడవల్లో ప్రపంచమంతా చుట్టి రావాలి. నాలుగేళ్ళకోసారి జరిగేది. 1985-86 పందెంలో ట్రేసీ కూడా వెళ్ళాలనుకుంది. కానీ ఆడపిల్లని నావికురాలిగా తీసుకునేవారెవరు? “వంట చేస్తావా?” అన్నారు. సరేనంది. ఓ పడవలో వంటమనిషిగా ఎక్కి ప్రపంచం చుట్టొచ్చింది. ఆ పందెంలో రెండు వందల పైచిలుకు నావికులుంటే ఆడవాళ్ళు పట్టుమని పదిమంది లేరు.

గరిటె తిప్పుతూనే ఆ పిల్ల అన్నీ గమనించింది. ఎవరు తాళ్ళు లాగుతున్నారు, ఎవరు మ్యాపులు చూస్తున్నారు, కెప్టెన్ ఎప్పుడు అరుస్తాడు, ఎప్పుడు ఊరుకుంటాడు... తిరిగొచ్చాక ఒక నిర్ణయానికొచ్చింది. మగవాళ్ళ పడవలో మనకి చోటివ్వకపోతే మన పడవ మనమే వేసుకుందాం. పడవలో అందరూ ఆడవాళ్ళే!

చెప్పినంత తేలికా? డబ్బు కోసం ఎన్నో కంపెనీల గుమ్మాలెక్కింది. ఆడవాళ్ళు సముద్రంలో చచ్చిపోతే మా పేరు చెడిపోతుందన్నవాళ్ళు కొందరు, ఆడవాళ్ళు ఆడవాళ్ళు కొట్టుకుని మధ్యలోనే దిగిపోతారన్నవాళ్ళు కొందరు. చివరికి ఇల్లు తాకట్టు పెట్టి ఓ పాత పడవ కొంది. యాభై ఎనిమిది అడుగుల అల్యూమినియం పడవ. అంతకుముందు వేరే పేరుతో ప్రపంచం చుట్టొచ్చి పాడైపోయి ఉంది. దాన్ని విప్పి, గోకి, అతుకులు వేసి, రంగు కొట్టింది కూడా ఆ అమ్మాయిలే. ఒకప్పుడు ట్రేసీ పనిచేసిన పడవలోకి అతిథిగా వచ్చి పరిచయమైన జోర్డాన్ రాజు హుస్సేన్ చెయ్యందించాడు. జోర్డాన్ విమాన సంస్థ డబ్బు పెట్టింది. పడవకి ‘మెయిడెన్’ అని పేరు పెట్టారు. మన మాటలో చెప్పాలంటే ‘కన్య’ అన్నమాట.

పడవలో ఎవరి పనేమిటి?

ఇక్కడ కాస్త ఆగి ఆ పడవలో ఉద్యోగాల సంగతి చెప్పాలి. నాకు ఈ కథలో బాగా నచ్చినవి అవే.

అందరికీ పెద్ద స్కిప్పర్. మన సరంగు అనుకోండి. ఎటు వెళ్ళాలి, ఎంత తెగించాలి, ఎప్పుడు వెనక్కి తగ్గాలి అన్నది స్కిప్పర్ మాటే. ప్రాణం పోయినా, పడవ పోయినా జవాబు చెప్పుకోవలసిందీ స్కిప్పరే.

తరవాత నావిగేటర్. దారి లెక్కలు కట్టే మనిషి. గాలి ఎటు మళ్ళుతుంది, తుఫాను ఎక్కడుంది, ఏ వంపులో వెళితే రెండు రోజులు కలిసొస్తాయి... ఇదంతా కింద గదిలో మ్యాపుల ముందు కూర్చుని తేల్చాలి.

పడవ రాత్రీపగలూ ఆగదు కాబట్టి సిబ్బందిని రెండు జట్లుగా విడగొడతారు. సాధారణంగా నాలుగేసి గంటల వంతు. ఒక జట్టు పైన పనిచేస్తుంటే రెండో జట్టు కింద నిద్రపోతుంది. ఒక్కో జట్టుకీ ఒక పెద్ద ఉంటుంది. స్కిప్పర్ నిద్రలో ఉన్నప్పుడు ఆ నాలుగు గంటలూ ఆ జట్టు పెద్ద మాటే వేదం.

చుక్కాని పట్టే మనిషి వేరు. గాలి చిన్నమెత్తు మారినా చాపని బిగించి, వదిలి సరిచేసేవాళ్ళు వేరు. వాళ్ళు రెప్పవేయకుండా చాప అంచునే చూస్తుండాలి. అంచు అల్లల్లాడిందంటే వేగం పోయినట్టే. అందరికంటే తెగువ కావలసింది మాత్రం ముందుకొనలో పనిచేసే పిల్లకి. మన జాలర్లు అణియం అంటారే, అక్కడ. చాప మార్చాలంటే అలలు నెత్తిమీద విరిగిపడుతుంటే నడుముకి తాడు కట్టుకుని అక్కడికి పాకాలి. అవసరమైతే స్తంభం చివరిదాకా ఎక్కాలి.

ఇవి కాక డాక్టరు, రేడియో చూసేవాళ్ళు, ఇంజను, పంపులు బాగుచేసేవాళ్ళు, చిరిగిన చాప కుట్టేవాళ్ళు. ఒక్కొక్కరికీ రెండు మూడు పనులు. మెయిడెన్‌లో ఉన్నది ట్రేసీతో కలిపి పన్నెండు మంది. ఇంగ్లాండు, ఫ్రాన్సు, ఫిన్లాండు, ఐర్లాండు, హాలెండు, అమెరికా, న్యూజిలాండు... ఎక్కడెక్కడి పిల్లలో. డాక్టరు క్లేర్ వారెన్. న్యూజిలాండు అమ్మాయి జెనీ మండీ రేడియో, కరెంటు పరికరాలు చూసేది. అమెరికా అమ్మాయి డాన్ రైలీ ఈ ప్రయాణం తరవాత తనే స్కిప్పరయి మరో ఆడవాళ్ళ పడవని ప్రపంచం చుట్టూ నడిపింది. 1995లో అమెరికా కప్పు పోటీలో ఆడవాళ్ళ జట్టుకి కెప్టెనైంది.

మరి వంట? ట్రేసీ చిన్నప్పటి స్నేహితురాలు జో గుడింగ్. నీరంతా తీసేసి ఎండబెట్టిన పొడి ఆహారానికి వేడినీళ్ళు కలిపి పన్నెండు మందికీ వేళకి పెట్టాలి. గది ఒక పక్కకి ఒరిగి, పొయ్యి ఉయ్యాలలా ఊగుతుంటే! అది చాలదన్నట్టు కెమెరా కూడా ఆమెకే అప్పగించారు. ఆమె తీసిన దృశ్యాలు లేకపోతే ఇవాళ ఆ సినిమాయే లేదు. వంటమనిషిని చిన్నచూపు చూడకూడదని ట్రేసీకి వేరే చెప్పాలా? తనెక్కిన మెట్టే అది.

ఒక ఒరలో రెండు కత్తులు

ఇంతవరకూ బాగానే ఉంది. అసలు చిక్కు ఇక్కడే వచ్చింది.

ట్రేసీకి పట్టుదల ఉంది కానీ పందెపు పడవని నడిపిన అనుభవం తక్కువ. అందుకని ఫ్రాన్సు నుంచి మారీ క్లోడ్ కీఫర్ అనే ఆవిణ్ణి తన తరవాతి స్థానంలో తీసుకుంది. ఆమె అనుభవం గట్టిది. పడవ నడపడంలో ఆరితేరినది. రోజులు గడిచేకొద్దీ ఇద్దరికీ పడలేదు. పడవ నాది, ఆలోచన నాది అని ఒకరు. పని తెలిసింది నాకు కదా అని ఇంకొకరు. సిబ్బంది ఎవరి మొహం చూడాలి? అక్కడ ‘చాప దించండి’ అని ఒకరు, ‘ఉంచండి’ అని ఒకరు అంటే నష్టం ప్రాణాలతోనే.

పందెం దగ్గర పడుతుండగా ట్రేసీ ఆమెను తప్పించేసింది. అప్పుడు పడవలో ఉన్నవాళ్ళకి గుండెల్లో రాయి పడింది. అందరికంటే తెలిసిన మనిషినే పంపేస్తే రేపు నడిసముద్రంలో దిక్కెవరు? ఆ ఖాళీలో ఇంకొకర్ని తీసుకోకుండా స్కిప్పర్ బాధ్యత, నావిగేటర్ బాధ్యత రెండూ ట్రేసీయే నెత్తినేసుకుంది.

ఆమె చేసింది సరేనా? సినిమా అయ్యాక మా అమ్మాయికీ నాకూ ఇదే వాదన. “బాగా తెలిసినవాళ్ళే నాయకులవ్వాలి కదా అమ్మా?” అంటుంది అది. నాకు వెంటనే జవాబు తోచలేదు. ఎందుకు తోచలేదో తరవాత చెబుతాను.

బత్తాయి మీద దారం

1989 సెప్టెంబరు 2న సౌతాంప్టన్ రేవు నుంచి పందెం మొదలైంది. ట్రేసీకి అప్పటికి ఇంకా ఇరవయ్యేడు నిండలేదు. ఇరవైకి పైగా పడవలు. పడవ పొడుగుని బట్టి తరగతులుగా విడదీశారు. పొడుగు పడవ సహజంగా వేగంగా పోతుంది. మొత్తం పందెం గెలిచిన న్యూజిలాండు పడవ ఎనభై నాలుగు అడుగులు. మన మెయిడెన్ యాభై ఎనిమిది. అందుకని దాని పోటీ దాని తరగతిలోని పడవలతోనే.

ఒడ్డున ఉన్న విలేకరుల్లో చాలామంది నవ్వుకున్నారు. మగ స్కిప్పర్లని గాలి గురించి, వ్యూహం గురించి అడిగేవాళ్ళు ఈ అమ్మాయిల దగ్గరకొచ్చేసరికి మీలో మీకు తగువులొస్తాయా, సబ్బులు పౌడర్ల సంగతేమిటని అడిగేవారట. పేరున్న పడవ పందేల రచయిత ఒకాయన వాళ్ళ గురించి రాసిన మాట ఈ పేజీలో రాసేది కాదు. రేకు డబ్బా నిండా చెడ్డ ఆడవాళ్ళన్నట్టు రాశాడు. కనీసం మొదటి మజిలీ అయినా చేరరని పందేలు కాసుకున్నవారున్నారు.

ఇంగ్లాండు నుంచి ఉరుగ్వే దాకా మొదటి మజిలీ. చేరారు కానీ గెలవలేదు. రెండో మజిలీ ఉరుగ్వే నుంచి ఆస్ట్రేలియాలోని ఫ్రీమాంటిల్ దాకా. ఏడు వేల పైచిలుకు నాటికల్ మైళ్ళు. అన్నిటికంటే పొడుగైనది, ప్రమాదకరమైనది. దక్షిణ ధ్రువం వైపు మంచు సముద్రం మీదుగా పోవాలి.

ఇక్కడే నావిగేటర్ పని అర్థమవుతుంది. ఇంట్లో బత్తాయి ఉంటే ఓసారి చేతిలోకి తీసుకోండి. నడిమి గీతకి కాస్త కిందగా ఎడమవైపు ఒక చుక్క, కుడివైపు ఒక చుక్క పెట్టండి. రెండిటి మధ్యా దారం బిగించి లాగండి. దారం అడ్డంగా తిన్నగా ఉండదు, తొడిమకి ఎదురు కొన వైపు జారుతుంది. అదే దగ్గర దారి. భూమీ అంతే. ఎంత దక్షిణానికి దిగితే దారి అంత దగ్గర, గాలి అంత జోరు. కానీ చలి, మంచుకొండలు కూడా అంతే ఎక్కువ. ఎంతవరకు దిగాలన్నదే ప్రశ్న.

ట్రేసీ ధైర్యం చేసి బాగా దిగువకి పట్టించింది. పైన పనిచేసే పిల్లలకి వేళ్ళు కొంకర్లుపోయేవి. లోపల గోడలకి చెమ్మ గడ్డకట్టేది. పొడి బట్ట అన్నది లేదు. మంచు ముక్కల కోసం ఒకరు కళ్ళప్పగించి కాపలా. ఆ దారిలోనే వేరే పడవ నుంచి ఇద్దరు మగవాళ్ళు సముద్రంలో పడిపోయారు. ఇద్దర్నీ పైకి లాగారు కానీ ఒకరే బతికారు. బతికినతనికి ఏం చెయ్యాలో రేడియోలో చెప్పిన డాక్టరు ఎవరనుకున్నారు? మెయిడెన్‌లో ఉన్న క్లేర్! ఆడవాళ్ళు ఏడుస్తూ సాయమడుగుతారనుకున్నవాళ్ళకి సాయం ఆడవాళ్ళ పడవ నుంచే అందింది.

ఫ్రీమాంటిల్ చేరేసరికి తమ తరగతిలో మొదటి స్థానం మెయిడెన్‌ది. కాకతాళీయమన్నారు. ఆక్లాండు దాకా మూడో మజిలీ కూడా గెలిచారు. ఇక ఎవరూ ఏమీ అనలేదు. ఆ రచయిత కూడా పాత మాట వదలకపోయినా, దానికి తెలివి, వేగం గలవాళ్ళన్న మాటలు చేర్చి ఒప్పుకున్నాడు.

నాకు ఇక్కడ ఒక విషయం పట్టుకుంది. ట్రేసీ చివరి మాట తనదే అంది. కానీ అన్ని పనులూ తనవే అనలేదు. తనకంటే బాగా చుక్కాని పట్టేవాళ్ళుంటే వాళ్ళకే ఇచ్చింది. తను కింద మ్యాపుల దగ్గర కూర్చుంది. స్తంభమెక్కే పిల్లకి ఎలా ఎక్కాలో చెప్పడానికి పోలేదు. ఒక మనిషిని పంపేసిన కఠినత్వం ఎంతో, మిగతావాళ్ళ పనిలో వేలుపెట్టని నిగ్రహం కూడా అంతే.

ఓడిన రోజు

గెలిచినప్పుడు నాయకత్వం ఎవరైనా చేస్తారు. నాలుగో మజిలీలో దక్షిణ అమెరికా కొసనున్న కేప్ హార్న్ వైపు వెళుతుండగా తుఫాను చుట్టుముట్టింది. పడవలోకి నీళ్ళు రావడం మొదలైంది. ఎక్కణ్ణించో తెలియదు. తోడుతుంటే మళ్ళీ నిండుతోంది. చివరికి తెరచాప స్తంభం దగ్గర నుంచని కనిపెట్టి, అరికట్టి, ప్రాణాలతో బయటపడ్డారు. కానీ కూడబెట్టుకున్న ఆధిక్యం పోయింది. అయిదో మజిలీలో గాలి మొహం చాటేసింది. గెలుపు చేజారిపోయిందని అందరికీ అర్థమైపోయింది.

ఫ్లోరిడా రేవుకి తలలు వంచుకుని వెళ్ళాలా? ఆ అమ్మాయిలు ఈతదుస్తులు వేసుకుని పడవ మీద వరసగా నిలబడి రేవులోకి వచ్చారు. ఓడిపోయిన సంగతి ఎవరూ అడగలేదు! ఆ ఫొటో లోకమంతా తిరిగింది. ఆ పని సబబేనా అని ఇప్పటికీ వాదించుకునేవాళ్ళున్నారు. రెండు మజిలీలు గెలిచినప్పుడు రాని ఫొటో అప్పుడే ఎందుకొచ్చిందని నాకూ అనిపించింది. కానీ కుంగిపోయిన పన్నెండు మందిని ఒక్క పూట నవ్వించిన ఉపాయం కూడా అదేనని ఒప్పుకోవాలి.

1990 మే 28న, సముద్రం మీద మొత్తం నూట అరవై ఏడు రోజులు గడిపి, మెయిడెన్ సౌతాంప్టన్‌కి తిరిగొచ్చింది. తమ తరగతిలో రెండో స్థానం. వందల చిన్న పడవలు ఎదురొచ్చి వాళ్ళని రేవులోకి తీసుకొచ్చాయి. ట్రేసీకి ఆ ఏడాది ఇంగ్లాండులో ఉత్తమ నావికుడి బహుమతి ఇచ్చారు. అప్పటివరకు ఆ బహుమతి ఏ ఆడమనిషికీ రాలేదు. పన్నెండు మందిలో ఒక్కరు కూడా మధ్యలో కొట్టుకుని దిగిపోలేదని వేరే చెప్పాలా?

కన్య మళ్ళీ లేచింది

డబ్బు లేక ట్రేసీ ఆ పడవని అమ్మేసింది. చేతులు మారి మారి 2014లో హిందూ మహాసముద్రంలోని సేషెల్స్ దీవుల్లో పాడైపోయి పడి ఉందని తెలిసింది. ఆమె ఊరుకోలేదు. చందాలు పోగుచేసి, హుస్సేన్ రాజుగారి కూతురు హయా కూడా చెయ్యందించగా, 2017లో ఇంటికి తెచ్చి బాగుచేయించింది. అప్పటినుంచి మెయిడెన్ ఆడపిల్లల చదువుకి నిధులు పోగుచేస్తూ దేశదేశాలు తిరిగింది.

2023 సెప్టెంబరులో మెయిడెన్ మళ్ళీ పందానికి బయల్దేరింది. ఓషన్ గ్లోబ్ అనే పందెం అది. పాత విట్‌బ్రెడ్ రోజుల్లాగే నడపాలని నియమం. ఉపగ్రహాలు దారి చూపవు. కాగితపు మ్యాపులు, సూర్యుణ్ణీ నక్షత్రాల్నీ కొలిచే పరికరం, అంతే. ఈసారి స్కిప్పర్ ట్రేసీ కాదు. ముప్ఫై కూడా నిండని హెదర్ థామస్. సిబ్బంది మళ్ళీ అందరూ ఆడవాళ్ళే. 2024 ఏప్రిల్‌లో పందెం ముగిసింది. వాళ్ళకంటే ముందు ఒడ్డు చేరిన పడవ ఉంది. కానీ పడవల పొడుగు, తూకం చూసి కాలం సర్దుబాటు చేశాక గెలుపు మెయిడెన్‌దే అని తేలింది. ప్రపంచం చుట్టే పందెం ఆడవాళ్ళ జట్టు గెలవడం అదే మొదటిసారి. ముప్ఫై నాలుగేళ్ళ కిందట రెండో స్థానంతో ఆగిన పడవ అదే!

ఆ జట్టులో మన దేశపు అమ్మాయిలూ ఉన్నారు. ఒకరు ధన్యా పిలో. ఇంకొకరు మన నౌకాదళంలో పనిచేసిన పాయల్ గుప్తా.

పాయల్ పేరు ఎక్కడో విన్నట్టుందా? 2017 సెప్టెంబరులో గోవా నుంచి తారిణి అనే తెరచాపల పడవలో ప్రపంచం చుట్టి రావడానికి బయల్దేరిన ఆరుగురు నౌకాదళం అమ్మాయిల్లో ఆమె ఒకరు. అది పందెం కాదు. కానీ సముద్రానికి ఆ తేడా తెలియదు కదా! కెప్టెన్ వర్తికా జోషి. ఆ ఆరుగురిలో ఇద్దరు మన తెలుగు పిల్లలు. విశాఖపట్నం అమ్మాయి స్వాతి, హైదరాబాదు అమ్మాయి ఐశ్వర్య బొడ్డపాటి. యాభై అయిదు అడుగుల పడవలో రెండు వందల యాభై నాలుగు రోజుల యాత్ర. చివర్లో చుక్కాని తిప్పే యంత్రం చెడిపోతే మారిషస్‌లో ఆగి బాగుచేసుకుని, 2018 మే 21న గోవా చేరారు.

ఆడ సరంగులుండరా అని అడిగిన పిల్లకి మా నాన్నగారు ఇవ్వని జవాబు ఇదన్నమాట. వార్త పేపర్లో వచ్చినప్పుడు ఆయన బతికుంటే తప్పకుండా చూపించేదాన్ని.

మా అరిసెల పడవ

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. మా అమ్మాయికి జవాబెందుకు చెప్పలేకపోయానో.

నాలుగేళ్ళ కిందట మా వీధిలో ఎనిమిది మందిమి కలిసి పిండివంటల ఆర్డర్లు తీసుకోవడం మొదలుపెట్టాం. డిగ్రీ చదివానని, లెక్కలు రాస్తానని నన్ను పెద్దని చేశారు. పనిలో అందరికంటే ఆరితేరిన మనిషి మాత్రం ఎదురింటి పిన్నిగారు. అరవై ఏళ్ళావిడ. బెల్లం పాకం చూపుతోనే చెప్పేయగలదు.

ఓ పెళ్ళివారు సారెకి అయిదు వందల అరిసెలు చెప్పారు. పాకం పొయ్యి మీద ఉంది. పిన్నిగారు “దించెయ్యండర్రా” అంది. అంతకుముందుసారి అరిసెలు నూనెలో విచ్చిపోయాయని నా భయం. “ఇంకాస్త ఉండనివ్వండి” అన్నాను. పొయ్యి దగ్గరున్న అమ్మాయి ఆవిడ మొహం ఒకసారి, నా మొహం ఒకసారి చూసింది. ఆ చూపుల్లోనే పాకం ముదిరిపోయింది. అరిసెలు రాళ్ళయ్యాయి. పెళ్ళివారు వాపసు పంపారు. డబ్బు తిరిగిచ్చేశాం.

డబ్బుదేముంది, పోయింది. “నీ చదువు నా పాకాన్ని చెడగొట్టింది” అని ఆవిడ ఆ రోజు అన్న మాటకి నేను ఎదురు చెప్పాను. ఏమన్నానో రాయడానికి చెయ్యి రావడం లేదు. ఆవిడ మాట్లాడటం మానేసింది. నెల తిరక్కుండా మా సంఘం చెదిరిపోయింది. ఎదురెదురు గుమ్మాలు. రోజూ ముగ్గు వేస్తూ ఒకరినొకరు చూడనట్టు నటించడం. రెండేళ్ళు!

సినిమా చూసిన రాత్రి నిద్ర పట్టలేదు. ఇన్నాళ్ళూ తప్పు ఆవిడదా నాదా అని తూచుకుంటూ కూర్చున్నాను. కానీ ఆ పడవలో జరిగింది, మా పొయ్యి దగ్గర జరగనిది ఒకటుంది. బయల్దేరకముందే ఎవరి పని ఏదో, ఏ పనిలో చివరి మాట ఎవరిదో వాళ్ళు తేల్చుకున్నారు. తేల్చుకోవడానికి ట్రేసీ ఒక మంచి నావికురాలిని పోగొట్టుకుంది. తేల్చుకోకపోవడం వల్ల నేను మా పిన్నిగారిని పోగొట్టుకున్నాను. పెద్దనన్న పేరుంటే చాలు, పాకం దగ్గర కూడా మాట నాదే అనుకున్నాను. స్తంభమెక్కే పిల్లకి ఎలా ఎక్కాలో కింద నుంచి చెప్పే స్కిప్పర్నయ్యాను.

నాయకత్వమంటే అందరికంటే ఎక్కువ తెలియడం కాదేమో. ఎవరికి ఏది ఎక్కువ తెలుసో తెలియడం, అక్కడ నోరు మూసుకోవడం. తెలియని చోట, అందరూ తన మొహం చూస్తున్న చోట మాత్రం ఏదో ఒకటి చెప్పి, తప్పయితే ఆ నిందని తనే మోయడం. మా అమ్మాయికి ఇదే చెప్పాను. “అయితే మామ్మగారింటికి ఎప్పుడెళతావు?” అంది. పిల్లలు అంతే, తిన్నగా అణియం మీదకే పంపిస్తారు.

వెళ్ళాను. గుమ్మంలో నిలబడి, “తప్పు నాది పిన్నిగారూ, పాకం దగ్గర నేను మాట్లాడకూడదు” అన్నాను. ఆవిడ కాసేపు ఏమీ అనలేదు. చేటలో బియ్యం ఏరుతూనే, “కూర్చో అమ్మాయ్” అంది. ఆ తరవాత, “లెక్కల పుస్తకం నేను పట్టనులే. నాకు కళ్ళు కనపడవు” అంది.

మొన్న సంక్రాంతికి మళ్ళీ ఆర్డర్లు తీసుకున్నాం. ఎనిమిది మందిమి కాదు, అయిదుగురమే మిగిలాం. పని మొదలుపెట్టేముందు ఒక కాగితం రాసి గోడకి అంటించాం. కొనుగోలు ఒకరు, పిండి ఒకరు, నూనె దగ్గర ఒకరు, డబ్బాలకెత్తి లెక్క రాసేది నేను. పాకం ఎదురుగా పిన్నిగారి పేరు. ఆర్డరు ఒప్పుకోవాలా వద్దా అన్నది మాత్రం నా మాట.

మొదటి వాయి పాకం దించేటప్పుడు నాకు నోరు ఊరుకోలేదు. ఏదో అనబోయాను. పిన్నిగారు గరిటె ఎత్తి గోడ మీద కాగితం వైపు చూపించింది. నోరు మూసుకుని డబ్బాలు తుడవడానికి వెళ్ళిపోయాను.

అరిసెలు మెత్తగా వచ్చాయి.